హెచ్చుతగ్గుల తర్కము

నంద్యాల జిల్లాలోని పగిడ్యాల మండలము కృష్ణానది ఒడ్డున ఉన్నది. శ్రీశైలము జలాశయము నిండినపుడు వెనుకకు తన్నిన నీరు ఈ ప్రాంతపు పల్లెల పొలిమేరలదాక వచ్చును. ఈ మండలములోని ముచ్చుమర్రివద్ద నీటిని పైకి తోడు పంపులు కలవు. ఆ ఎత్తిపోతల పథకము 2017లో ప్రారంభమైనది. పొరుగున నందికొట్కూరు మండలములో మల్యాలవద్ద హంద్రీ-నీవా పథకపు పంపులు ఉన్నవి. మరియొకచోట పోతిరెడ్డిపాడు తూములు ఉన్నవి. ఈ మూడును ఒకే జలాశయమునుండి నీరు తీసికొనునవే. జలాశయము పూర్తిగా నిండినపుడు మట్టము 885 అడుగులు. అయితే నీరు తగ్గుచు వచ్చినకొలది మూడును ఒకేసారి ఆగిపోవు. పోతిరెడ్డిపాడుకు ఎక్కువ మట్టము కావలెను. మల్యాలకు అంతకంటె తక్కువ చాలును. ముచ్చుమర్రికి ఇంకను తక్కువ చాలును.

ఆ మట్టములు ఎన్నెన్ని అడుగులో తెలియని రైతుకూడ కొన్ని సంగతులు తడుముకొనకుండ చెప్పగలడు. మల్యాలకు నీరందని రోజున పోతిరెడ్డిపాడుకు అందదు. పోతిరెడ్డిపాడు తూములకు నీరు అందుచున్నదన్నచో ముచ్చుమర్రికి అందునంత నీరు ఉన్నట్లే. కాని ముచ్చుమర్రికి నీరందుచున్నదని మాత్రము చెప్పి, మల్యాలకును అందుచున్నదా అని అడిగినచో అతడు “చెప్పలేము” అనును. ఆ “చెప్పలేము” తెలివితక్కువవలన వచ్చినది కాదు. ఇచ్చిన సమాచారము ఎంతవరకు పోవునో, ఎక్కడ ఆగిపోవునో తెలిసినవాడే ఆ మాట అనగలడు.

ఉద్యోగపరీక్షలలోని తర్కవిభాగములో “గణిత అసమీకరణములు” అను పేరుతో వచ్చు ప్రశ్నలు సరిగా ఈ తెలివినే పరీక్షించును. నంద్యాల పట్టణము బ్యాంకు పరీక్షల శిక్షణకు రాయలసీమలోనేగాక తెలుగుదేశమంతటను పేరుపొందినది. పట్టభద్రులైన పల్లెటూరి యువకులు, యువతులు అక్కడ గదులు అద్దెకు తీసికొని నెలల తరబడి చదువుదురు. వారు కూర్చుండు పరీక్షను నిర్వహించు సంస్థ ఐ.బి.పి.ఎస్. 1975లో బ్యాంకుల సిబ్బంది ఎంపికకై ఏర్పడిన విభాగము 1984లో ఈ పేరుతో స్వతంత్రసంస్థ అయినది. అనేక బ్యాంకులకు కలిపి ఒకే వ్రాతపరీక్ష పెట్టుట 2011లో మొదలైనది. ప్రొబేషనరీ ఆఫీసర్ల ప్రాథమిక పరీక్షలో తర్కవిభాగమునకు 35 ప్రశ్నలు, 20 నిమిషములు. ప్రశ్నకు ముప్పదినాలుగు సెకండ్లు మాత్రమే చిక్కును. తప్పు జవాబునకు ఆ ప్రశ్న మార్కులో నాలుగవవంతు కోత. ఒకటి రెండు మార్కుల తేడాతో ఏడాది శ్రమ వృథా అగు పరీక్ష ఇది. ఇందులో అసమీకరణముల ప్రశ్నలకు కావలసిన గణితము ఉన్నత పాఠశాలలో చెప్పునదే. అయినను పట్టభద్రులు ఇక్కడ తప్పులు చేయుచుందురు. కారణము గణితము రాకపోవుట కాదు; “వచ్చును”, “రావచ్చును” అను రెండు మాటలకుగల భేదము బడిలో గట్టిపడకపోవుట.

ప్రశ్న రూపము ఇది. ముందు కొన్ని ప్రవచనములు ఇచ్చెదరు. వానిలో అక్షరముల మధ్య >, <, =, ≥, ≤ అను అయిదు గుర్తులు ఉండును. వాని క్రింద రెండు నిగమనములు ఇచ్చెదరు. ప్రవచనములను సత్యములుగా గ్రహించినచో ఏ నిగమనము తప్పనిసరిగా వచ్చునో చెప్పవలెను. మొదటిది మాత్రమే, రెండవది మాత్రమే, మొదటిదికాని రెండవదికాని, ఏదియు రాదు, రెండును వచ్చును — ఇవి అయిదు జవాబులు.

ఇందలి కీలకము “తప్పనిసరిగా” అను మాటలో ఉన్నది. అక్షరముల స్థానమున ఏ సంఖ్యలను వేసినను, ఆ సంఖ్యలు ప్రవచనములకు ఒప్పినంతవరకు, నిగమనముకూడ ఒప్పుచునే ఉండవలెను. ఒప్పని సంఖ్యలు ఒక్క జత దొరికినను నిగమనము రాదు. అట్టి జతకే గణితమున ప్రత్యుదాహరణ అని పేరు. విద్యార్థులలో చాలమంది చేయు పొరపాటు ఇక్కడనే. వారు ఏవో మూడు సంఖ్యలు వేసిచూచి, నిగమనము సరిపోయినదని సంతోషించి, “వచ్చును” అని గుర్తుపెట్టి ముందుకు సాగుదురు. ఒక ఏడు ముచ్చుమర్రికి నీరందిన రోజున మల్యాలకును అందినంతమాత్రమున ప్రతి ఏడును అట్లే జరుగునని చెప్పుటవంటిది ఇది. సంఖ్యలు వేసిచూచుట నిగమనమును పడగొట్టుటకు పనికివచ్చును, నిలబెట్టుటకు పనికిరాదు. నిలబెట్టుటకు గుర్తులనుండియే తర్కము నడువవలెను.

అయిదు గుర్తులలో >, <, = అనువానితో ఎవరికిని చిక్కులేదు. సమాన చిహ్నమును రాబర్టు రికార్డు 1557లో వాడెను. >, < అను గుర్తులు ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ రచించిన బీజగణిత గ్రంథములో 1631లో అచ్చయినవి. అప్పటికి ఆయన చనిపోయి పదియేండ్లు. క్రింద గీతలు చేర్చి “ఎక్కువ లేక సమానము”, “తక్కువ లేక సమానము” అని వ్రాయుట ఫ్రాన్సు దేశపు పియరీ బూగే 1734లో చేసినపని. అనగా రెండవ జత గుర్తులు పుట్టుటకు మరి నూరేండ్లు పట్టినది. తరగతిగదిలోకూడ వానికే ఎక్కువ కాలము పట్టును.

7 ≥ 5 సత్యమా అని అడిగిన చాలమంది విద్యార్థులు తటపటాయింతురు. “సమానము కాదు గదా” అందురు. 5 ≥ 5 సత్యమా అన్నను అంతే. “ఎక్కువ కాదు గదా” అందురు. రెండును సత్యములే. “లేక” అని కలిపిన రెండింటిలో ఒకటి నెగ్గిన చాలును. ఈ భావము తెలుగువారికి క్రొత్తది కాదు. పదవ తరగతి గణితములో 35 మార్కులకు తగ్గకుండ వచ్చినవాడు ఉత్తీర్ణుడు అన్నపుడు, సరిగా 35 వచ్చిన పిల్లవాడు ఏడువడు. తొంబది వచ్చినవాడును అదే నియమమువలన ఉత్తీర్ణుడగును. “తగ్గకుండ” అను ఒక్క మాటలో ≥ ఇమిడియున్నది. “మించకుండ” అనుమాటలో ≤ ఉన్నది.

అయితే వాడుకభాష ఒకచోట మోసము చేయును. “చిన్నవాడు పెద్దవానికేమీ తక్కువ కాడు” అని ఇంటిలో అన్నపుడు ఇద్దరును సమానులని చెప్పుటయే ఉద్దేశము. పరీక్షాపత్రములో మాత్రము “తక్కువ కాదు” అన్నచో ఎక్కువ కావచ్చును, సమానమైనను కావచ్చును. తక్కువ ఒక్కటి కారాదు. గ్రామీణ బ్యాంకుల పరీక్షను తెలుగులో వ్రాయు వీలు 2019లో కలిగినది కావున ఈ సంగతి ఇపుడు మరింత ముఖ్యము. సంకేత అసమీకరణములను ప్రశ్నలలో గుర్తులకు బదులు చుక్కలు, నక్షత్రములువంటి చిహ్నములు పెట్టి, “క @ గ అనగా క, గకంటె తక్కువ కాదు” అని అర్థము చెప్పుదురు. అపుడు @ అనగా ≥. “తక్కువయు కాదు, సమానమును కాదు” అన్నచో >. “ఎక్కువయు కాదు, తక్కువయు కాదు” అన్నచో =. ఎక్కువ, తక్కువ, సమానము అను మూడింటిలో కాదన్నవానిని కొట్టివేసి మిగిలినదానిని వ్రాసికొనుట సులభమైన మార్గము. మూడింటిలో ఒకటి తప్పక ఉండును, ఒకటికంటె ఎక్కువ ఉండవు. ఇది సంఖ్యల ప్రాథమిక ధర్మములలో ఒకటి. ఈ ధర్మము ఇంకొకచోటను అవసరమగును.

ఇక తర్కము నడుచు తీరు. క > గ, గ > చ అయినచో క > చ. దీనిని సంక్రమణ ధర్మము అందురు. గొలుసు ఎంత పొడవైనను, గుర్తుల నోళ్ళు అన్నియు ఒకే వైపునకు తిరిగియున్నంతవరకు ఈ ధర్మము నడుచును. సమాన చిహ్నము దారికి అడ్డురాదు. గొలుసులో ఒక్క కచ్చితమైన > ఉన్నను ఫలితము > అగును. అన్నియు ≥, = మాత్రమే అయినపుడు ఫలితము ≥ వరకే. ఎందుకన, క్రిందికి దిగు మెట్లలో ఒక్క మెట్టయినను నిజముగా దిగినచో మొదటిచోటికంటె చివరిచోటు పల్లమగును. ఏ మెట్టు దిగితిమో లేదో తెలియనపుడు, దిగియుండవచ్చును, సమతలముననే ఉండవచ్చును.

ఉదాహరణకు ఈ గొలుసును చూడుడు:

క ≥ గ = చ > జ ≤ ట < డ

కనుండి జవరకు గుర్తులు ≥, =, > కావున దారి ఒకే వైపునకు ఉన్నది. మధ్యలో కచ్చితమైన గుర్తు ఒకటి ఉన్నందున క > జ అను నిగమనము వచ్చును. జనుండి డవరకు ≤, < అనునవి. డ > జ అనునదియు వచ్చును. క > ట వచ్చునా? కనుండి జవరకు దిగి, జనుండి టవరకు ఎక్కవలెను. దిగినది ఎంతో, ఎక్కినది ఎంతో తెలియదు. క = 9, గ = 9, చ = 9, జ = 2, ట = 3, డ = 4 అన్నచో క > ట. ట = 20, డ = 21 అని మార్చినచో ప్రవచనములన్నియు నిలుచును, క > ట మాత్రము కూలును. ట = 9, డ = 10 అన్నచో రెండును సమానములే. మూడు విధములకును అవకాశమున్నది. కావున క, ట లకు సంబంధము చెప్పలేము.

ఇట్లు నోళ్ళు ఎదురెదురుగా తిరిగినచోట గొలుసు తెగినట్లు భావింపవలెను. పోతిరెడ్డిపాడు మట్టము ముచ్చుమర్రి మట్టముకంటె ఎక్కువ. మల్యాల మట్టముకూడ ముచ్చుమర్రి మట్టముకంటె ఎక్కువ. ఈ రెండు వాక్యములు మాత్రమే చెప్పి, పోతిరెడ్డిపాడు ఎక్కువా మల్యాల ఎక్కువా అని అడిగినచో జవాబు రాదు. నందికొట్కూరు ప్రాంతపు విద్యార్థికి అసలు సంగతి తెలిసియుండును; అతడు వెంటనే “పోతిరెడ్డిపాడు” అనును. అతడన్నది నిజమే. కాని ఇచ్చిన వాక్యములనుండి రాలేదు. అతని యెరుకనుండి వచ్చినది. ఈ భేదము పిల్లలకు చెప్పుటకు స్థానికమైన ఇట్టి ఉదాహరణముకంటె మంచిది ఉండదు. తరగతిలో ఇద్దరు పొడుగు పిల్లలను, ఒక పొట్టి పిల్లవానిని నిలబెట్టియు చూపవచ్చును. పొట్టివానిని మాత్రము తలుపువద్ద నిలబెట్టి, తక్కిన ఇద్దరిని వెలుపల ఉంచి, “వీరిద్దరును ఇతనికంటె పొడుగు” అని మాత్రము తరగతికి చెప్పవలెను. వెలుపలివారిలో పొడుగెవరో తరగతి చెప్పలేదు.

సంఖ్యలన్నియు నిజమునకు ఒకే వరుసలో ఉండును. ఏ రెండింటిని తీసికొన్నను హెచ్చుతగ్గులు నిశ్చయమే. అయితే ప్రశ్న మనకు తెలుపునది ఆ వరుస మొత్తము కాదు. కొన్ని జతలకు మాత్రమే సంబంధము తెలుపును. తెలిసిన ఆ భాగమును గణితవేత్తలు పాక్షిక క్రమము అందురు. అది కొమ్మలుగా చీలిన చెట్టువంటిది. ఒకే కొమ్మవెంట పైకికాని క్రిందికికాని పోయినంతవరకు పోల్చవచ్చును. ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు దూకినచో పోల్చుటకు ఆధారముండదు.

కొన్నిసార్లు ప్రవచనములను ముక్కలుగా ఇచ్చెదరు: హ < య; ర ≥ య; ర = న; మ > న. ఉమ్మడి అక్షరములను పట్టుకొని వీనిని అతికింపవలెను. రెండవదానిని తిరుగవేసి య ≤ ర అని వ్రాసినచో హ < య ≤ ర = న < మ అను ఒకే గొలుసు ఏర్పడును. ఇక మ > హ వచ్చుననియు, న ≥ య వచ్చుననియు చూపుమాత్రముననే తెలియును. తిరుగవేయునపుడు అక్షరములతోపాటు గుర్తునుకూడ త్రిప్పవలెను. ఒకదానిని త్రిప్పి రెండవదానిని మరచుట తొందరలో తరచుగా జరుగు తప్పు.

“మొదటిదికాని రెండవదికాని” అను జవాబువద్ద చాలమంది తబ్బిబ్బగుదురు. త ≥ ద = ప ≥ బ అనునది ప్రవచనము; త > బ, త = బ అనునవి రెండు నిగమనములు అనుకొందము. గొలుసునుండి వచ్చునది త ≥ బ మాత్రమే. త > బ అని రూఢిగా అనలేము; త = బ అనియు అనలేము. అయినను రెండింటిలో ఒకటి తప్పదు. కావున జవాబు “మొదటిదికాని రెండవదికాని”. గొలుసు తెగినచోటకూడ ఈ జవాబు రావచ్చును. ల > వ < స అను ప్రవచనమునుండి ల, స లకు సంబంధము తెలియదు. అయినను నిగమనములు ల > స, ల ≤ స అని ఇచ్చినచో ఒకటి తప్పక నిజమగును. ఎక్కువ, తక్కువ, సమానము అను మూడును ఆ రెండింటిలో ఇమిడిపోయినవి. అదే నిగమనములు ల > స, ల < స అని ఇచ్చినచో ఈ జవాబు చెల్లదు. సమానము అను మూడవ అవకాశము వెలుపల మిగిలిపోయినది. అపుడు “ఏదియు రాదు” అనియే గుర్తింపవలెను. ఒక్క గీత తేడాతో జవాబు మారిన సంగతి గమనింపదగినది. ఈ గీతను చూడక పోగొట్టుకొన్న మార్కులు లెక్కలేనన్ని ఉండును.

ఒక వివాదాంశమునుకూడ ఇక్కడ ప్రస్తావింపవలెను. ప్రవచనములనుండి చ > జ రూఢిగా వచ్చినపుడు, చ ≥ జ అను నిగమనము వచ్చునా? గణితశాస్త్రము ప్రకారము సందేహము లేదు, వచ్చును. ఎక్కువ అయినది “ఎక్కువ లేక సమానము” కాకుండ పోదు. కాని శిక్షణ పుస్తకములలో దీనిని “రాదు” అని గుర్తించు ఆచారము కలదు. సమానమగుటకు అవకాశమే లేనపుడు ఆ గుర్తు పెట్టరాదని వారి వాదము. ఈ వాదము పరీక్షల సంప్రదాయముగా చెల్లునేమోగాని గణితముగా చెల్లదు. ఉపాధ్యాయుడు విద్యార్థికి రెండును విడివిడిగా చెప్పుట న్యాయము: గణితము ఇట్లు చెప్పును, అభ్యాసపుస్తకము అట్లు కోరుచున్నది అని. సంప్రదాయమునే గణితమని నేర్పినచో, పై తరగతులలో అవధులు, అవిచ్ఛిన్నత మొదలగువానికి వచ్చునపుడు విద్యార్థి ప్రతి ≥ గుర్తువద్దను తడబడును.

మరియొక హెచ్చరిక. బీజగణితములో అసమీకరణములను సాధించునపుడు ఋణసంఖ్యతో గుణించినచో గుర్తు తిరుగబడును. 4 > 3 అయినను –4 < –3. తర్కపరీక్షలోని అక్షరములపై గుణకారములు, భాగహారములు చేయు పని ఉండదు కావున ఆ నియమమునకు ఇక్కడ తావులేదు. దానిని తలచుకొని అనవసరముగా గుర్తులు త్రిప్పువారును కలరు.

జవాబు తెలియనపుడు గుడ్డిగా గుర్తుపెట్టవచ్చునా అను ప్రశ్నకు లెక్కయే సమాధానము చెప్పును. అయిదేసి జవాబులున్న నూరు ప్రశ్నలకు కన్నుమూసికొని గుర్తులు పెట్టినచో సగటున ఇరువది ఒప్పగును, ఎనుబది తప్పగును. ఎనుబది తప్పులకు కోత ఇరువది మార్కులు. మిగులునది సున్న. నాలుగవవంతు కోత అను నియమమునకు అయిదు జవాబులున్నచోట అర్థము ఇదియే: గ్రుడ్డిదెబ్బకు లాభమును లేదు, నష్టమును లేదు. అయితే గొలుసు చూచి రెండు జవాబులను నిశ్చయముగా కొట్టివేయగలిగినపుడు స్థితి మారును. మూడేసి జవాబులు మిగిలిన అరువది ప్రశ్నలలో సగటున ఇరువది ఒప్పు, నలుబది తప్పు, కోత పది, నికరముగా పది మార్కులు మిగులును. ఇది సగటు లెక్క మాత్రమే. ఒక్క పరీక్షలో ఒక్క అభ్యర్థికి ఏమగునో ఈ లెక్క చెప్పదు. కాని “మొదటి నిగమనము రూఢిగా వచ్చును” అని తెలిసినవాడు, రెండవది తెలియకపోయినను, “రెండవది మాత్రమే”, “ఏదియు రాదు”, “మొదటిదికాని రెండవదికాని” అను మూడింటిని కొట్టివేసి రెండింటివద్ద నిలువగలడు. సగము తెలివికికూడ విలువ కలదు.

గుర్తులనుండి నిగమనమునకు పోవుటయేగాక నిగమనమునుండి వెనుకకు వచ్చి గుర్తును కనుగొను ప్రశ్నలును కలవు. క ≥ గ __ చ = జ అను గొలుసులో క > జ రూఢి కావలెనన్నచో ఖాళీలో ఏ గుర్తు ఉండవలెను? గొలుసులో తక్కిన గుర్తులలో కచ్చితమైనది లేదు. కావున ఖాళీలో > ఒక్కటే సరిపోవును. ≥ కాని = కాని పెట్టినచో క ≥ జ వరకే వచ్చును. ప __ బ > మ = య అను గొలుసులో ప > య కావలెనన్నచో కచ్చితమైన గుర్తు ముందే ఉన్నది; ఖాళీలో >, ≥, = అను మూడింటిలో ఏదియైనను చెల్లును. ఇక ద __ న ≤ ర < ల అను గొలుసును విద్యార్థులకు ఇచ్చి, ల > ద రూఢి అగుటకును, ద < ర రూఢి అగుటకును ఖాళీలో వేరువేరుగా ఏయే గుర్తులు చెల్లునో అడుగవచ్చును. మొదటిదానికి <, ≤, = మూడును చెల్లును; రెండవదానికి < మాత్రమే.